ఒకరా, ఊరా: రోల్‌ప్లే ఆటలో ధర్మసంకటాన్ని నడిపించే విధానం

మూడేళ్ల కిందట శ్రీకాకుళంలో, నాగావళి వంతెనకి దగ్గర్లో ఉన్న మా మేడ మీద నేను నడిపిన ఒక ఆట పాడైపోయింది. కథ ఇది: కొండ గుహలో ఓ భూతం మేలుకుంటోంది. అది మళ్లీ నిద్రపోవాలంటే ఒక పసిపిల్లని బలివ్వాలి. ఇవ్వకపోతే లోయలోని ఏడు ఊళ్లూ పోతాయి. వారం రోజులు కూర్చుని రాసుకున్నాను. ఆ ఘట్టం వచ్చేసరికి అందరూ కదిలిపోతారని, గంటసేపు వాదించుకుంటారని ఆశపడ్డాను. రెండు నిమిషాల్లో తేలిపోయింది. "ఏడు ఊళ్లకి ఒక్కరే కదా" అన్నాడు మా బావ. మిగతావాళ్లు తలూపారు. డైస్ వేశారు, గుహలో నిధి ఏమైనా ఉందా అని అడిగారు.

మా బావ కఠినాత్ముడేమీ కాదు. కాలు విరిగిన వీధికుక్కని ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లిన మనిషి. తప్పంతా నా రాతలో ఉంది. ఆ పిల్లకి నేను పేరు పెట్టలేదు, ఒక్క మాట కూడా ఇవ్వలేదు. దాంతో వాళ్ల ముందు మనిషి లేదు, ఒక అంకె ఉంది. అంకెలిస్తే ఎవరైనా లెక్కే చేస్తారు.

ఆ తర్వాత ఇలాంటి ఘట్టాలు చాలానే నడిపాను. ఏది నిలబడుతుందో, ఏది కూలిపోతుందో కొంత తెలిసింది. మీరూ గేమ్ మాస్టర్‌గా కూర్చునేవాళ్లయితే ఇది మీ కోసమే.

కొత్తవాళ్లకి ఒక్క ముక్కలో చెప్తాను. నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటారు, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర. గేమ్ మాస్టర్ లోకాన్ని వర్ణిస్తాడు, మిగతా పాత్రలన్నీ తనే మాట్లాడతాడు. ఫలితం ఎటు తిరుగుతుందో తెలియనప్పుడు డైస్ వేస్తారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆట అచ్చులోకి వచ్చింది. ఏ రూల్‌బుక్ వాడినా కింద చెప్పేవి పనికొస్తాయి.

1. ముందు మీ బల్ల దగ్గర కూర్చునేవాళ్లని అడగండి

అమాయకుల చావు అనేది ఆటకి బరువైన వస్తువు. దాన్ని చెప్పాపెట్టకుండా తేకండి. అసలు ఆటకి ముందు ఒక రోజు ఊరికే కూర్చోండి. దీన్ని సెషన్ జీరో అంటారు. అందరికీ చిన్న కాగితాలిచ్చి, ఆటలో అస్సలు రాకూడనివి ఒకవైపు, వచ్చినా వర్ణించకూడనివి రెండోవైపు రాయమనండి. కాగితాల మీద పేర్లు వద్దు. రాన్ ఎడ్వర్డ్స్ అనే గేమ్ డిజైనర్ మొదటివాటిని లైన్స్ అని, రెండోవాటిని వెయిల్స్ అని అన్నాడు. మేం గీతలు, తెరలు అంటాం. గీత దాటకూడదు. తెర వెనక జరగొచ్చు, చూపించకూడదు.

బల్ల మధ్యలో ఇంటూ గుర్తు వేసిన కార్డు ఒకటి పెట్టండి. దీన్ని జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించాడు, ఎక్స్ కార్డు అంటారు. ఎవరికి భరించలేనట్టు అనిపించినా దాని మీద వేలు పెడితే చాలు, నడుస్తున్నది అక్కడే తీసేస్తాం. ఎందుకని అడగం. ఈ "ఎందుకని అడగం" అన్నదే అసలు సంగతి.

మన జిల్లాలో ఇది మరీ ముఖ్యం. ఒకసారి నేను తుఫాను రాత్రిని వర్ణిస్తున్నాను. గాలి హోరు, కొబ్బరిచెట్లు విరిగే చప్పుడు, తలుపుకి అడ్డంగా మంచం. బాగా చెప్తున్నానన్న ఊపులో ఉన్నాను. ఉద్దానం నుంచి వచ్చే తమ్ముడొకడు కార్డు మీద వేలు పెట్టాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అతను ఇంట్లోనే ఉన్నాడట. అది నేను అడిగి తెలుసుకున్నది కాదు, చాలా రోజుల తర్వాత తనే చెప్పాడు. ఆ రాత్రి మాత్రం తుఫాను తీసేసి, ఎండలో సాగే కథగా మార్చేశాను. ఆటకి ఏ నష్టమూ రాలేదు.

ఇంకో జాగ్రత్త. నిజంగా జరిగిన మారణకాండని ఊరి పేరుతో సహా తెచ్చి బల్ల మీద పెట్టకండి. 1757 జనవరి 24 నాటి బొబ్బిలి కోటలో ఆడవాళ్లకీ పిల్లలకీ ఏం జరిగిందో మనందరికీ తెలుసు. విజయనగరం మనిషీ, బొబ్బిలి మనిషీ ఒకే చాప మీద కూర్చుని ఆడుతుండగా అది డైస్‌తో తేల్చే విషయం కాదు. అలాగే "కొండల్లో నరబలి ఇచ్చే తెగ" అన్న పాత మూస కూడా. బ్రిటిష్‌వాళ్లు ఈ కొండల్లోని మెరియా అనే నరబలి గురించి రాసిన రాతల నుంచి అది చాలా కథల్లోకి పాకింది. మా ఆటకి ఏజెన్సీ నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న అబ్బాయి ఒకడు వస్తాడు. అతని ఎదురుగా ఆ మూస తీస్తే నా ముఖం నేనెలా చూసుకుంటాను?

2. ఏ సంకటం అన్నది తేల్చుకోండి

"కొందరిని వదులుకుని చాలామందిని కాపాడటం" పైకి ఒకటే ప్రశ్నలా కనిపిస్తుంది. లోపల నాలుగైదు ప్రశ్నలున్నాయి. మీరు ఏది అడుగుతున్నారో మీకు తెలియకపోతే ఆటగాళ్లకి అసలే తెలియదు.

1967లో ఫిలిప్పా ఫుట్ అనే తత్వవేత్త ఒక ఉదాహరణ ఇచ్చింది. బ్రేకులు పడని ట్రామ్ ఐదుగురి మీదికి వెళ్తోంది. డ్రైవరు దాన్ని పక్క పట్టా మీదికి తిప్పితే అక్కడున్న ఒక్కడు చనిపోతాడు. తర్వాత జుడిత్ జార్విస్ థామ్సన్ దాన్నే మార్చి అడిగింది: మీరు వంతెన మీద ఉన్నారు, మీ పక్కనున్న భారీ మనిషిని కిందికి తోస్తే ట్రామ్ ఆగుతుంది. తోస్తారా? లెక్క రెండింట్లోనూ ఒకటే, ఐదుగురికి ఒకరు. అయినా తిప్పడానికి ఒప్పుకున్న చెయ్యి తోయడానికి వెనకాడుతుంది. గేమ్ మాస్టర్‌కి ఇది బంగారంలాంటి తేడా. దారి మళ్లిస్తే ఒకరు పోవడం వేరు, ఒకరి ఒంటినే అడ్డుగా వాడుకోవడం వేరు. అలాగే చంపడం వేరు, చావనివ్వడం వేరు. మీ ఘట్టంలో ఆటగాళ్ల చెయ్యి ఎంతవరకు వెళ్లాలో ముందే రాసుకోండి.

బెర్నార్డ్ విలియమ్స్ 1973లో ఇచ్చిన ఉదాహరణ నాకు ఇంకా దగ్గరిది. జిమ్ అనే ప్రయాణికుడు దక్షిణ అమెరికాలోని ఓ చిన్న ఊళ్లో దిగుతాడు. గోడకి ఇరవై మందిని నిలబెట్టి ఉంటారు. సైన్యాధికారి అంటాడు: నువ్వు అతిథివి, నీ చేత్తో ఒకణ్ని కాల్చు, మిగతా 19 మందినీ వదిలేస్తాను, లేదంటే అందరూ పోతారు. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. గోడ దగ్గరున్నవాళ్లూ, ఊరివాళ్లూ జిమ్‌ని ఒప్పుకోమని బతిమాలుకుంటున్నారు. అంటే ఆ కథలో చావు అంచున నిలబడ్డవాళ్లకి ఒక కోరిక ఉంది. ఆ సంగతి తీసేస్తే అది మళ్లీ అంకెల లెక్కే.

మూడోది మన భారతంలోదే, రాబోయే కీడు కోసం ఇప్పుడే బలి. దుర్యోధనుడు పుట్టగానే అపశకునాలు కనిపిస్తే, వంశం కోసం ఒకణ్ని వదలాలి, ఊరి కోసం వంశాన్ని వదలాలి, దేశం కోసం ఊరిని వదలాలి అని విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్తాడు. ఈ మాట మా ఆటలో ఎప్పుడూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, పెద్దలు చెప్పారని. అప్పుడు నేను ఒకటే గుర్తుచేస్తాను: ఆ మాట అన్న రోజుకి ఎదురుగా ఉన్నది పసిగుడ్డు, ఏ పాపమూ చేయలేదు. తర్వాత జరిగింది చూస్తే విదురుడు చెప్పింది నిజమైంది. కొడుకుని వదల్లేని తండ్రిని తప్పుపట్టడం మాత్రం నా వల్ల కాదు. కీడు తెస్తుందని జోస్యం ఉన్న బిడ్డ కథ మీ ఆటలో తెస్తే, ఈ రెండూ ఒకేసారి నిజమయ్యేలా తెండి.

3. పోబోయే మనిషిని రెండు సెషన్ల ముందే పరిచయం చేయండి

ఇక్కడినుంచి నేను నడిపిన ఒక ఘట్టాన్నే పట్టుకుని చెప్తాను. పెద్దూరు అని నది ఒడ్డున పట్నం. అవతలి ఒడ్డున పల్లంలో రేవుపేట, నలబై మంది. రెండూ కల్పితాలే. నది మాత్రం మన నాగావళి, వంశధారల్లాంటిదే: ఒడిశా కొండల్లో పుట్టి వస్తుంది, కాబట్టి ఇక్కడ చుక్క వాన పడకపోయినా అక్కడ కురిస్తే ఇక్కడ వరద. ఆ రాత్రి ఆకాశం నిండా చుక్కలున్నాయి, గాలి కూడా లేదు, నీళ్లు మాత్రం గట్టు అంచుకి వచ్చేశాయి. నదుల పక్క పెరిగిన మనకి ఈ ఒక్క వర్ణన చాలు, ఒళ్లు జలదరిస్తుంది.

పెద్దూరు గట్టు ఊట వేస్తోంది, అది తెగితే పల్లపు వీధుల్లోని సుమారు మూడు వందల మంది పోతారు. రేవుపేట వైపు గట్టుకి గండి కొడితే నీళ్లు అటు పోతాయి, పెద్దూరు నిలుస్తుంది.

ఈ రాత్రికి రెండు సెషన్ల ముందే, వేరే పని మీద వెళ్తున్న ఆటగాళ్లని రేవుపేటలో ఆపాను. అక్కడ తవిటమ్మ అనే ఆవిడ వాళ్లకి చోడి (రాగి) అంబలి పోసింది, సత్తు గిన్నెల్లో, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. గిన్నెలు నాలుగే ఉన్నాయి, మనుషులు ఐదుగురు. ఆవిడ తన గిన్నె కడిగి ఇచ్చింది. ఆ పేరెందుకొచ్చిందని మా చెల్లి పాత్ర అడిగితే ఆవిడ చెప్పింది: ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు, మూడో బిడ్డని పక్కింటివాళ్లకి ఇచ్చేసి తవుడు పోసి తిరిగి కొనుక్కున్నారు, చావుకి తెలియకుండా. మన వైపు తవుడు, తవిటయ్య, తవిటమ్మ అన్న పేర్లు ఇలా వచ్చినవే. ఆ మాట ఆటలో అప్పటికి ఊరికే నవ్వుకున్న కబురు. వరద రాత్రికి మాత్రం అదే గుర్తొచ్చింది. ఒకసారి తవుడు పోసి చావు నుంచి కొనుక్కున్న మనిషిని మనం మళ్లీ అమ్ముతున్నామా అని.

చేయాల్సింది ఇంతే: ఒక పేరు, చేతిలో ఒక పని, ఆటగాళ్లు ఆ మనిషికి పడ్డ ఒక చిన్న రుణం. పెద్ద రుణం వద్దు, ప్రాణం కాపాడిందంటే అది తూకంలోకి వెళ్లిపోతుంది. ఒక గిన్నె అంబలి చాలు. ఆ మనిషిని మరీ మంచిదాన్నీ చేయకండి. తవిటమ్మ పక్కింటావిడ మీద చాడీలు కూడా చెప్పింది.

4. ఆ మనిషికి నోరివ్వండి

నేను చెప్పదలచుకున్నదంతా ఈ అడుగులో ఉంది, అందుకే కొంచెం నిదానిస్తాను.

భారతంలోనే ఇలాంటి కథలు రెండున్నాయి, దాదాపు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఒకటి ఏకచక్రపురం. ఊరంతా క్షేమంగా ఉండటానికి వంతుల ప్రకారం బకాసురుడికి బండెడు అన్నంతోపాటు ఒక మనిషిని పంపుతారు. పాండవులు తలదాచుకున్న బ్రాహ్మణుడి ఇంటికి వంతు వచ్చిన రోజు ఏం జరుగుతుందో గుర్తుందా? తండ్రి నేను పోతానంటాడు. తల్లి కాదు నేనంటుంది, ఎందుకో చెప్తుంది. కూతురు ఇద్దరినీ ఆపి తను పోతానంటుంది. మాటలు సరిగ్గా రాని చిన్న కొడుకు చేతిలో గడ్డిపరక పట్టుకుని, దీంతో రాక్షసుణ్ని కొట్టేస్తానంటాడు. ఏడుస్తున్నవాళ్లంతా ఆ ఏడుపులోనే నవ్వుతారు. ఆ గడ్డిపరక చూశాక ఆ ఇంటినుంచి ఎవరినీ పంపడానికి మనకి మనసొప్పదు.

రెండోది అంతకుముందు జరిగినది, లక్క ఇల్లు. పాండవులు తప్పించుకున్న రాత్రి ఆ ఇంట్లో ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు నిద్రపోతూ కాలిపోయారు. ఆ ఆరు శవాలు దొరకబట్టే పాండవులూ కుంతీ చనిపోయారని లోకం నమ్మింది. ఆ ఆరుగురికీ పేర్లు లేవు, ఒక్క మాటా లేదు. చిన్నప్పుడు ఈ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, వాళ్లు ఉన్నారన్న సంగతే నాకు పెద్దయ్యేదాకా తెలియదు. అందరూ సొరంగం గురించే చెప్పారు. నా మొదటి ఆటలోని పసిపిల్ల ఆ ఆరుగురి వరసలోదే.

కాబట్టి ఆటగాళ్లు చర్చ మొదలుపెట్టిన కాసేపటికి ఆ మనిషి గుమ్మంలోకి రావాలి, వినాలి, మాట్లాడాలి. నేను ముందే ఆ మనిషి గొంతులో మూడు వాక్యాలు రాసుకుంటాను. డైస్ చేతిలోంచి కింద పెట్టేస్తాను. వర్ణన ఆపేసి, ఎవరు లెక్క చెప్తున్నారో వాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడతాను. ఆ రాత్రి మా బావ కాగితం మీద పెన్సిల్‌తో నలబై, మూడు వందలు అని రాస్తుండగా తవిటమ్మ వచ్చింది.

"నెక్కేసుకుంతన్నారా బాబూ? మంచిదే. మరి మా పేటలో ఎంతమందున్నారో నన్నడిగినారా? నలబై అని మీకెవులు సెప్పినారు? ఎర్రయ్య కోడలికి నిన్న రాత్రే పిల్లడు పుట్టినాడు."

మా బావ నలబై పక్కన కొట్టేసి నలబై ఒకటి రాశాడు. రాసి పెన్సిల్ కింద పెట్టేశాడు. ఒక నిమిషంపాటు మేడ మీద ఎవరూ ఏమీ అనలేదు. లెక్కలో మారింది ఒక్క అంకె, అది తేల్చేదేమీ లేదు. కానీ ఆ ఒక్కటితో వాళ్లకి అర్థమైంది, తాము లెక్కపెడుతున్నవాళ్లని ఒక్కసారి కూడా ఏమీ అడగలేదని.

ఆ మనిషి ఏం మాట్లాడాలి? బతిమాలొచ్చు, తిట్టొచ్చు, బేరమాడొచ్చు. ఒక్కటి మాత్రం చాలా జాగ్రత్త: "నన్ను తీసుకోండి, ఊరిని కాపాడండి" అని వెంటనే ముందుకు రానివ్వకండి. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ముసలమ్మ తనంతట తను వెళ్లిందన్న కథ మనందరికీ తెలుసు, కట్టమంచి రామలింగారెడ్డి కావ్యంగా కూడా రాశాడు. గొప్ప కథే. కానీ మీ బల్ల దగ్గర అలా జరిగితే బరువంతా ఆవిడే మోసుకుపోతుంది, ఆటగాళ్లు దండం పెట్టి ఊపిరి పీల్చుకుంటారు. త్యాగం చెయ్యడం, త్యాగం చెయ్యమని ఇంకొకరికి చెప్పడం రెండూ వేర్వేరు. మీరు ఆడించాల్సింది రెండోదాన్ని.

5. అంకెలు ఎలా పెట్టాలి

ఒకరికి లక్షమంది అన్నట్టు పెట్టకండి, ప్రశ్నే మిగలదు. తేడా ఉండాలి, మసకగా ఉండాలి. నా ఘట్టంలో పెద్దూరు పల్లపు వీధుల్లో సుమారు మూడు వందల మంది. గట్టు తెగుతుందా? ఇరవై ముఖాల డైస్‌లో 11 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే తెగుతుంది, అంటే సగం సగం. అందరూ ఇసుక బస్తాలు వేస్తే 16 గానీ ఆపైన గానీ పడితేనే తెగుతుంది, అంటే నాలుగింట ఒక వంతు. గండి కొడితే మాత్రం రేవుపేట మునగడం ఖాయం. ఇప్పుడు చూడండి, ఒకవైపు ఖాయమైన నలబై ఒకటి, ఇంకోవైపు జరగొచ్చో జరగకపోవచ్చో తెలియని మూడు వందలు. లెక్కలు బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ ఒకే మాట మీదికి రారు.

ఈ అవకాశాలు ఆటగాళ్లకి దాచకండి. గట్టు కాపలా ముసలాయన చేత చెప్పించండి. దాచిపెట్టి తర్వాత బయటపెడితే వాళ్లు మోసపోయామనుకుంటారు, సంకటాన్ని మర్చిపోయి మీ మీద కోపం తెచ్చుకుంటారు. నిర్ణయం కోసం డైస్ వేయనివ్వకండి, నిర్ణయం తర్వాతే.

టైం కోసం నేను మొబైల్ వాడను. ఒక అగరబత్తి వెలిగిస్తాను, మా ఇంట్లోది దాదాపు అరగంట వస్తుంది. అది అయిపోయేసరికి నీళ్లు వచ్చేస్తాయి. బూడిద రాలుతుంటే ఎవరికీ తొందరపెట్టి చెప్పక్కర్లేదు.

6. మూడో దారి వెతుకుతారు, వెతకనివ్వండి

ఆటగాళ్లు ఎప్పుడూ వెతుకుతారు. అది తప్పించుకోవడం కాదు, మంచి మనిషి చేసే మొదటి పని. దాన్ని గోడ కట్టి ఆపే గేమ్ మాస్టర్ సంకటాన్ని కాకుండా తన మొండితనాన్ని ఆడిస్తున్నాడు. మూడో దారి ఉండాలి, దానికి ఖర్చూ ఉండాలి.

మావాళ్లు పడవలు ఉన్నాయా అని అడిగారు. రెండు ఉన్నాయి. నడిపేవాడు కాక ఒక్కోదానిలో ఆరుగురు. పోయి రావడానికి ఇరవై నిమిషాలు. నీళ్లు పొంగడానికి ఆటలో గంట ఉంది. మూడు విడతలు, రెండు పడవలు, ఆరుగురు చొప్పున ముప్పై ఆరు మంది. పడవల దగ్గర ఉంటే బస్తాలు వేయడానికి మనుషులు లేరు. చంటివాణ్ని తల్లి ఒళ్లో కూర్చోబెట్టారు. ఇంకా నలుగురు మిగిలారు.

నాకు బాగా పనిచేసిన ఉపాయం ఇదే. సంకటం పోలేదు, చిన్నదై దగ్గరికి వచ్చింది. నలబై మందిని "పేట" అనొచ్చు. నలుగురిని అనలేం. ఎవరు ముందు ఎక్కాలో ఆటగాళ్లే తేల్చాల్సి వచ్చింది. కదల్లేని ముసలి అత్తని వదిలి తవిటమ్మ ఎక్కనంది. మా చెల్లి పాత్ర పడవలోంచి దిగి తన చోటు ఇస్తానంది.

ఇలా ఎవరైనా తమ పాత్రనే ఇస్తానంటే ఒప్పుకోండి. పావురానికి బదులు తన ఒళ్లు కోసిచ్చిన శిబి కథ విని పెరిగినవాళ్లం, ఆ కోరిక సహజంగా వస్తుంది. ఒక్కటే చూడండి, ఆ త్యాగం నిజంగా ఎవరినైనా కాపాడుతోందా, లేక తేల్చుకోలేని బాధ నుంచి పారిపోవడమా. రెండోదైతే తవిటమ్మలాంటి పాత్ర చేతనే అడిగించండి: "నువ్వు పోతే గట్టు నిలుస్తాదా అమ్మా?"

ఏకచక్రపురంలో కూడా మూడో దారి ఉచితంగా రాలేదు. కుంతి భీముణ్ని పంపుతానంటే ధర్మరాజు తల్లి మీదే కోప్పడ్డాడు, ఎవరి కోసమో కొడుకునిస్తావా అని.

7. చెయ్యి ఎవరిది?

ఓటింగ్ వద్దు. చేతులెత్తి లెక్కపెడితే బాధ్యత ఐదుగురిలో కరిగిపోతుంది. గండి కొట్టాలని తేలితే, పార ఎవరు పడుతున్నారో అడగండి. వాళ్లు "మేం కొడతాం" అంటే కుదరదు. "నేను పార వేస్తున్నాను" అని ఒకరు తన నోటితో అనాలి. ఒప్పుకోనివాళ్లు అడ్డుపడాలనుకుంటే పడనివ్వండి, కానీ ఆటగాళ్ల మధ్య నిజమైన కోపం మొదలైతే ఆట ఆపేయండి.

8. చేయకూడనివి కొన్ని

అంతా అయ్యాక "ఇదంతా మీకు పెట్టిన పరీక్ష" అనడం, లేదా కల అని తేల్చడం. పోయిన మనిషి అసలు దొంగ అని తర్వాత బయటపెట్టడం. నేను దీన్ని అన్నిటికన్నా చెడ్డదనుకుంటాను, చనిపోయినవాళ్లని రెండోసారి తోసేయడమే ఇది. ఎవరు ఏది ఎంచుకున్నా మీరు తీర్పు చెప్పడం, ముఖంతో కూడా. ఎప్పుడూ పల్లంలోనివాళ్లనే, పేదలనే బలి పక్కన నిలబెట్టడం. నిజ జీవితంలో పల్లంలో ఉండేది ఎవరో మనకి తెలుసు, రేవుపేట అందుకే అక్కడుంది. కానీ ఒకసారి తిప్పి చూడండి: జమీందారు మేడ మునిగితే పేట బతుకుతుందంటే మీ ఆటగాళ్లు ఎంత త్వరగా ఒప్పుకుంటారో, ఆ త్వరలో ఏముందో.

9. మర్నాడు పొద్దున

ఆట అయిపోగానే ఇంటికి పంపేయకండి. టీ పెట్టండి. పాత్రల పేర్లు వదిలేసి, మామూలు పేర్లతో పిలుచుకుంటూ పావుగంట కూర్చోండి. ఎవరికి ఎక్కడ గుచ్చుకుందో చెప్పాలనుకుంటే చెప్తారు, లేకపోతే లేదు. ఎక్కువ మౌనంగా ఉన్నవాళ్లకి మర్నాడు ఒక ఫోన్ చేయండి.

తర్వాతి సెషన్‌ని కొత్త ఊరితో, కొత్త శత్రువుతో మొదలుపెట్టకండి. లక్క ఇల్లు కాలాక పాండవులు ముందుకే నడిచారు, బూడిదలో ఏముందో మనకి కథ చూపించలేదు. మీరు చూపించండి. మా ఆటలో చివరికి గండి పడింది, పెద్దూరు నిలిచింది. నలుగురిలో ఇద్దరు ఇంటి కప్పు మీదికి ఎక్కి బతికారు, తవిటమ్మ, ఆవిడ అత్త దొరకలేదు. మర్నాడు పొద్దున నీళ్లు దిగాక రేవుపేటలో మోకాలిదాకా ఒండ్రు. ఆటగాళ్లకి చేయడానికి యుద్ధమేమీ లేదు. ఎర్రయ్య ఇంటి ముందు బురద తీయాలి, తడిసిన ధాన్యం ఆరబెట్టాలి, చచ్చిన మేకలని పాతిపెట్టాలి. ఒక్కొక్కరినీ వరసగా అడిగాను: మీ చేతిలో ఏముంది, మీరేం చేస్తున్నారు?

మా బావ పార అన్నాడు, నిన్న రాత్రిదే. ఒండ్రులో ఏదో తగిలిందా అని అడిగాడు. సత్తు గిన్నె అన్నాను. డైస్ వేయమంటావా అని ఎవరూ అడగలేదు. గిన్నె కడిగి, ఎర్రయ్య కోడలి ఇంటి అరుగు మీద పెట్టి వచ్చానన్నాడు.